చంద్రకళ దగ్గరున్న పటం కోసం గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు సైకిల్ మీద

చంద్రకళకు బదిలీ అయినప్పుడు ఆమె పుస్తకాల పెట్టెతో పాటు మా రోడ్డు పటం కూడా నాగర్‌కర్నూల్ వెళ్లిపోయింది. నా ప్రయాణానికి కారణం అదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దారిలో సైకిల్ మీద వెళ్లాలనుకునే కుర్రవాళ్లు ఈ మధ్య నన్ను వివరాలు అడుగుతున్నారు. అందుకని తొంభైల మొదట్లో, ఒక ఆషాఢ మాసపు ఆదివారం నేను చేసిన ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను. దూరాలు పెద్దగా మారలేదు. రోడ్లు మారాయి, ఖర్చులు మారాయి, అప్పట్లో ఒకే జిల్లాలో ఉన్న మూడు ఊళ్లూ ఇప్పుడు వేర్వేరు జిల్లాలకు కేంద్రాలయ్యాయి.

నేనూ చంద్రకళా గద్వాలలో ఒకే బడిలో టీచర్లం. ఇద్దరికీ పాతికేళ్ల లోపే. ఇద్దరికీ సైకిళ్లుండేవి. రైలుగేటు దాటి మా బడికి వెళ్లే రోడ్డు మీద తారు ఒక బస్సుకు సరిపడా మాత్రమే ఉండేది. తారు అంచు దగ్గర నేల జానెడు కిందికి దిగిపోయి ఉండేది. వెనక నుంచి బస్సు హారన్ కొట్టిందంటే సైకిల్ మీదున్న మనిషి ఆ అంచు మీద నుంచి కిందికి దూకాలి, లేదా పడాలి. వానాకాలం వస్తే ఆ పల్లంలో నీళ్లు నిండి లోతు తెలిసేది కాదు. మా బడికి సైకిళ్ల మీద వచ్చే ఆడపిల్లలు కొందరుండేవాళ్లు. మోకాళ్లు చెక్కుకుపోయి, లంగాలకు బురద పూసుకుని వచ్చేవాళ్లు. ఇంట్లో తెలిస్తే సైకిల్ మాన్పిస్తారని బోరింగు దగ్గర కడుక్కుని, ఆరాక ఇంటికి వెళ్లేవాళ్లు.

ఒకరోజు చంద్రకళ అంది, "రోడ్డు పెద్దగ చెయ్యుమంటే ఏండ్లు పడుతది పద్మా. అంచు నింపుమని అడుగుదాం. రెండు దిక్కుల మొరం పోసి తొక్కిస్తే చాలు." మొరం అంటే మా వైపు దొరికే ఎర్రటి గరుసుమట్టి. నీళ్లు చల్లి దిమ్మిస కొడితే గట్టిపడుతుంది, సైకిల్ చక్రం దిగబడదు. ఆ మాటతో మా పని మొదలైంది. ఆదివారాలు ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నాం. అందరికంటే ముందు సంతకం పెట్టింది మగ్గాల వీధిలో ఉండే ఆశన్న మామ. నాకు చుట్టం కాదు, ఇల్లు దగ్గర కాబట్టి మామా అని పిలవడం అలవాటు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. నేసిన చీర సైకిల్ వెనక కట్టుకుని వ్యాపారి దగ్గరికి వెళ్తుండగా, ఒక వానాకాలం ఇదే అంచు మీద నుంచి పడ్డాడు. ఆయనా ఆయన భార్యా మూడు వారాలు కూర్చుని నేసిన చీర బురదనీళ్లలో మునిగింది. ఆ తర్వాత ఆ చీరను ఆయన ఎవరికీ అమ్మలేకపోయాడు. రోడ్డు పనులు చూసే ఇంజనీరు దగ్గరికి మేం ముగ్గురం వెళ్లినప్పుడు మామ ఒక్క మాటే అన్నాడు. "సారూ, గద్వాల చీరకు అంచే చీర. గద్వాల రోడ్డుకు అంచే లేకపాయె."

ఇంజనీరు నవ్వి, ఎక్కడెక్కడ నింపాలో పటం గీసి తెమ్మన్నాడు. చంద్రకళ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. రైలుగేటు నుంచి బడి దాకా ప్రతి మలుపూ, ప్రతి గుంతా, పిల్లలు పడిన ప్రతి చోటూ ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి పెద్ద అట్ట మీద గీసింది. ఇంకా ఇవ్వకముందే ఆమెకు బదిలీ వచ్చింది, మూడు రోజుల్లో వెళ్లిపోయింది. పటం కూడా వెళ్లింది. దాని వెనకే మా ఉత్సాహం కూడా వెళ్లిందని చెప్పాలి. నేను ఒక్కదాన్నే ఇళ్లకు తిరగలేకపోయాను. ఏడాది గడిచింది. మరుసటి జూన్‌లో ఒక బుధవారం ఇంజనీరు కబురు పంపాడు. మీ బడి రోడ్డు పనికి మంగళవారం అంచనాలు వేస్తున్నాం, పటముంటే పట్టుకుని రండి అని.

పోస్టులో తెప్పిస్తే మంగళవారానికి చేరుతుందన్న నమ్మకం లేదు. బస్సులో వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ చంద్రకళ వెళ్లిన కొత్తలో రాసిన మొదటి ఉత్తరంలో ఒక మాటుంది. "నా దగ్గరికి బస్సుల రాకు పద్మా. సైకిల్ మీద రా. ఊరి బయటి దాంక నేను నా సైకిల్ మీద ఎదురొస్త. ఇద్దరం కలిసి తొక్కుకుంట ఊర్లెకు పోదాం." ఆ మాటను ఏడాదిగా మోస్తున్నాను. సాయంత్రం బడి వదిలాక రైలుగేటు దగ్గర ఆగిన ప్రతిసారీ పక్కన ఆమె చక్రం చప్పుడు కోసం చెవి ఒగ్గేదాన్ని. అందుకని గురువారం కార్డు ముక్క రాసి పడేశాను, ఆదివారం సైకిల్ మీద వస్తున్నానని. మా అమ్మ ఒక్కదాన్నే పంపనంటే ఆశన్న మామ వచ్చాడు. "నాకు వనపర్తిల పని ఉన్నది బిడ్డా" అన్నాడు. వనపర్తిలో ఆయనకు ఏ పనీ లేదని తర్వాత తెలిసింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. నాది బుట్ట ఉన్న ఆడవాళ్ల సైకిల్, మామది నల్లటి పెద్ద సైకిల్. బుట్టలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, రెండు సీసాల నీళ్లు. ఎర్రవల్లి చౌరస్తా సుమారు పద్దెనిమిది కిలోమీటర్లు. గంటన్నర పట్టింది. ఆషాఢంలో మా దగ్గర పడమటి గాలి విసురుగా వీస్తుంది. గద్వాల నుంచి వెళ్లేవాళ్లకు అది వెనక నుంచి తోస్తుంది కాబట్టి మొదటి గంట తొక్కినట్టే ఉండదు. రోడ్డుకు రెండు వైపులా కొత్తగా దున్నిన ఎర్ర చెలకలు, అక్కడక్కడా విత్తనం వేస్తున్న గొర్రులు. మామ ముందు, నేను వెనక. లారీ వస్తే మామ వెనక్కి చూడకుండానే ఎడమ చెయ్యి ఎత్తేవాడు. అది చూసి నేను కిందికి దిగేదాన్ని.

ఎర్రవల్లి నుంచి పెద్ద రోడ్డు ఎక్కితే కొద్ది దూరంలో బీచుపల్లి, కృష్ణ మీద వంతెన. పైన వానలు ఇంకా మొదలుకాలేదు. నది నిండా బండరాళ్లే, వాటి మధ్య సన్నగా నీళ్లు. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి గంట వినిపిస్తోంది. వంతెన మీద ఆగొద్దని మామ అన్నా నేను ఆగాను. చంద్రకళకు నీళ్లంటే పిచ్చి. గద్వాలలో జమ్ములమ్మ గుడి దగ్గర నీటి ఒడ్డున గంటలు గంటలు కూర్చునేది. ఈ వంతెన మీద ఇద్దరం పిట్టగోడకు సైకిళ్లు ఆనించి నిలబడాలని ఎన్నిసార్లు అనుకున్నామో.

"దేనికి నిలబడ్డవు బిడ్డా, కాళ్లు గుంజుతున్నయా?" అన్నాడు మామ.

"లేదు మామా. చంద్రకళ ఉంటే బాగుండేదని."

"పోతున్నం గద ఆమె దగ్గరికే. జర తొందరగ తొక్కు మల్ల."

పెబ్బేరు చేరేసరికి ఎనిమిదైంది. ముందురోజు జరిగిన పశువుల సంత ఆనవాళ్లు, ఎండుగడ్డీ పేడా, రోడ్డు పక్కంతా ఉన్నాయి. బస్టాండు ఎదురుగా ఒక గుడిసె హోటల్లో కూర్చున్నాం. మా రొట్టెలు మేం తిని, ఒక్కో చాయ తాగాం. చాయ అప్పట్లో రూపాయి. హోటల్ నడిపే ఆవిడ నా సైకిల్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"యాడికెల్లి వస్తున్నరు?"

"గద్వాల."

"యాడిదాంక?"

"నాగర్‌కర్నూల్" అన్నాను.

ఆవిడ మామ వైపు తిరిగింది. "ఆడపిల్ల అంత దూరం తొక్కుతదా? నువ్వన్న జెర చెప్పొద్దా?"

"నేనేం చెప్తనమ్మా. ఆమెనే నన్ను గుంజుకపోతున్నది" అన్నాడు మామ.

ఆవిడ నవ్వలేదు. గ్లాసులు కడుగుతూ, "నా బిడ్డ గూడ సైకిల్ అడుగుతున్నది. ఈ లారీల రోడ్డు మీద ఎట్ల పంపుదు? భయమైతది" అంది. నాకు చెప్పడానికి జవాబుంది. అంచు నింపితే భయం ఉండదని, మా పటం చూపించి మా ఊళ్లో అదే అడుగుతున్నామని చెప్పాలనిపించింది. కానీ చేతిలో పటం లేదు. నీళ్ల సీసాలు నింపుకుని లేచాను.

పెబ్బేరు నుంచి వనపర్తి పద్నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో నీడ తక్కువ. తొమ్మిదిన్నరకు ఊళ్లో అడుగుపెట్టేసరికి నా వెనక చక్రం గాలి దిగింది. వనపర్తిలో పాత రాజుల కోటలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. అక్కడి విద్యార్థుల వల్ల ఊరంతా సైకిళ్లే, సందుకో పంచర్ దుకాణం. కాలేజీకి వెళ్లే రోడ్డులో ఒక చెట్టు కింద దుకాణం దొరికింది. పంచరుకు రెండు రూపాయలు. అతను ట్యూబు నీళ్ల టబ్బులో ముంచుతుండగా మామ నా భుజం తట్టి రోడ్డు చూపించాడు. దుకాణం ముందు నుంచి కాలేజీ వైపు, తారు అంచుకు సమానంగా, ఎర్రటి మొరం పట్టీ ఉంది. ఇద్దరు విద్యార్థులు దాని మీద మాట్లాడుకుంటూ పక్కపక్కన తొక్కుకుంటూ వెళ్తున్నారు.

"ఎవరు పోసిండ్రు ఇది?" అని అడిగాడు మామ.

"ఈ రోడ్డు మీద దుకాణాలోళ్లం మేమే. పోయినేడు ఇద్దరు పోరగాండ్లు పడితే దవాఖానకు మేమే ఎత్తుకపోయినం. అప్పుడు రెండు ట్రాక్టర్ల మొరం తెప్పించి పోసుకున్నం. వానకు కొంత కొట్టుకపోతది. మల్ల పోస్తం."

మామ దుకాణం ముందు వంగి, మోచేతి నుంచి వేలి కొస దాకా మూర పెట్టి ఆ పట్టీ వెడల్పు కొలిచాడు. మూడున్నర మూరలు. "ఇంత చాలు బిడ్డా. ఇంతకంటె మనం ఎక్కువ అడుగుత లేము" అన్నాడు. ఆ పొడవు మొత్తం నూరు అడుగులు మించదు. అయినా నేను సైకిల్ బాగయ్యాక దాని మీద ఆ చివరి దాకా వెళ్లి, తిరిగి వచ్చాను. హారన్ కోసం చెవి పెట్టకుండా తొక్కడం ఎలా ఉంటుందో నాకు తెలిసింది అప్పుడే. చంద్రకళకు ఇది చెప్పాలి, ఇక్కడికి తీసుకురావాలి అనుకున్నాను.

వనపర్తి నుంచి గోపాలపేట పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. అక్కడికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఒక బడి వరండాలో పడుకుని రెండున్నర దాకా ఆగాం. నాకు నిద్ర పట్టలేదు. బుట్టలోంచి చంద్రకళ ఉత్తరాలు తీసి చదువుకున్నాను. ఆ ఏడాదిలో ఆరు రాసింది. చివరి నాలుగూ దసరా తర్వాతివి. వాటిలో కూడా సైకిల్ ముచ్చట్లున్నాయి. బడికి పోతుంటే ఎదురుగాలి కొట్టిందని, గొలుసు ఊడిందని, కొత్త బెల్లు వేయించానని. గోపాలపేట దాటాక రోడ్డు ఖాళీ. అరగంటకు ఒక బస్సు. ఆముదం చేలకు సాళ్లు తీసిన నేల, దూరంగా గుట్టలు. తారు మధ్యలో తొక్కుకుంటూ పోయాం. కాళ్లు నొప్పులు పుట్టినా ఆగాలనిపించలేదు. ప్రతి ఎత్తు ఎక్కగానే ముందున్న రోడ్డు మీద ఒక సైకిల్ కోసం వెతికాను.

నాగర్‌కర్నూల్ ఇంకో కిలోమీటరు ఉందనగా, ఐదు గంటల వేళ, రోడ్డు పక్కన ఒక మనిషి నిలబడి కనిపించింది. ముందు ఎవరో బస్సు కోసం నిలబడ్డారనుకున్నాను. దగ్గరికి వెళ్తే చంద్రకళ. పక్కన సైకిల్ లేదు. కుడిచేతిలో కర్ర ఉంది.

నేను బ్రేకు వేయడం కూడా మరిచిపోయి కొంచెం ముందుకు వెళ్లి దిగాను. సైకిల్ రోడ్డు మీదే పడేసి వెనక్కి పరుగెత్తాను. ఆమె నా వైపు రెండడుగులు వేసింది. ఆ రెండడుగుల్లో నాకు అంతా అర్థమైంది. ఎడమకాలు నేలకు అందడానికి నడుము పక్కకు ఒంగుతోంది.

"వస్తనంటి గద ఎదురు. వచ్చిన" అంది.

"ఏమైందే?"

"నిన్న నీ కార్డు వచ్చినప్పటి సంది గిదే ఆలోచన చేస్తున్న, ఎట్ల చెప్పాల్నని. చెప్పరాకనే ఇక్కడిదాంక నడిచిన."

మామ నా సైకిల్ కూడా పట్టుకుని మాకు కొంచెం దూరంగా నడిచాడు. మేమిద్దరం ఆమె నడకతో నడిచాం. ఊళ్లోకి వెళ్లడానికి అరగంట పైనే పట్టింది.

ఆమె వాళ్లమ్మతో కలిసి రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటోంది. వాకిట్లో గోడకు ఆనించి సైకిల్ ఉంది. దాని మీద సంచులు కప్పి ఉన్నాయి. వాళ్లమ్మ పుంటికూర పప్పు, జొన్నరొట్టెలు పెట్టింది. తింటూ చెప్పింది చంద్రకళ. దసరా సెలవులు అయిపోయిన వారం. బడికి వెళ్తుంటే వెనక నుంచి లారీ వచ్చింది. కిందికి దిగబోయింది. అంచు కింద వాన కోసేసి గుంతగా ఉంది. చక్రం అందులో పడి, ఆమె తారు మీదికి కాకుండా రాళ్ల మీదికి పడింది. తొడ ఎముక విరిగింది. లారీ ఆగలేదు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో నెలన్నర ఉంది. ఎముక అతికింది కానీ కాలు ఇంచు పొట్టి అయింది.

"మరి ఆ ఉత్తరాలన్నీ?" అని అడిగాను. "బెల్లు, గొలుసు?"

 వాళ్లమ్మ అందుకుంది. "మంచంల పండుకోని రాసేది బిడ్డా. నేను వద్దంటె వినేది కాదు."

"అబద్ధం రాయాల్నని రాయలే పద్మా" అంది చంద్రకళ. "రాస్తున్నంత సేపు తొక్కుతున్నట్టే ఉండేది. అదొకటి. ఇంకొకటి ఏందంటే, నేను గద్వాలల ఎన్ని ఇండ్లు తిరిగిన? మీ పిల్లలను సైకిల్ మీద పంపుండ్రి, ఏం గాదు, నేను పోత లేనా అని ఎంతమంది తల్లులకు చెప్పిన? ఆ టీచరే కాలు ఇరగ్గొట్టుకున్నదంటే ఒక్కలన్న పంపుతరా? నువ్వు గూడ చెప్పకు. పటం తీసుకో, పో. నా సంగతి ఎవ్వలకు చెప్పకు."

చెప్పనని వెంటనే మాటిచ్చాను. ఆమె అడిగితే ఆ వేళ ఏ మాటైనా ఇచ్చేదాన్ని. అలమరలోంచి పటం తీసి ఇచ్చింది. ఎర్ర గుర్తులన్నీ అలాగే ఉన్నాయి. నాకు వాటి వంక చూడటం చేతకాలేదు.

ఆశన్న మామ గడప దగ్గర కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మెల్లగా అన్నాడు. "నేనేం సదువుకున్నోన్ని గాను బిడ్డా. చీర బురదల పడ్డనాడు నేను గూడ ఎవ్వలకు చెప్పలే. సిగ్గయింది. ఇంత వయసొచ్చి సైకిల్ తొక్కరాదా అంటరని. మీరిద్దరు మా ఇంటికి వచ్చిననాడు మొదలు చెప్పిన. చెప్పినంకనే కదా, నేను పడ్డది తొక్కరాక గాదు అని నాకు ఎరుకైంది."

 వాళ్లమ్మ దీపం పెట్టడానికి లేచింది.

పొద్దున ఆరున్నరకు బస్టాండుకు బయల్దేరాం. సోమవారం సెలవు పెట్టాను కాబట్టి తొందరేం లేదు, కానీ మహబూబ్‌నగర్ మీదుగా కాకుండా నేరుగా వెళ్లే బస్సు ఆ ఒక్కటే. టికెట్టు పద్దెనిమిది రూపాయలు, సైకిల్ బస్సు పైన వేస్తే ఐదు. హమాలీ రెండు సైకిళ్లూ తాళ్లతో పైకి లాగి కట్టాడు. చంద్రకళ మమ్మల్ని ఎక్కించడానికి వచ్చిందనుకున్నాను. కండక్టర్ ఈల వేసేముందు ఆమె చేతిసంచి నాకిచ్చి, కర్ర ముందు పెట్టి మెట్టెక్కింది.

"జర జరుగు" అంది నాతో. "ఎల్లుండి దాంక నేను గూడ సెలవు పెట్టిన."

 కిటికీ పక్క ఆమె కూర్చుంది. గోపాలపేట రోడ్డు, వనపర్తి, కృష్ణ వంతెన, అన్నీ వెనక్కి పోయాయి. వనపర్తిలో మొరం పట్టీ ఉన్న రోడ్డు బస్టాండుకు దూరం కాబట్టి చూపించలేకపోయాను. వేలితో ఆ దిక్కు చూపించి చెప్పాను. ఆమె ఆ దిక్కు చూసింది.

మంగళవారం ఇంజనీరు ఆఫీసు గదిలో ఇరవై ముప్పై మందిమి ఉన్నాం. అప్పట్లో సంతకాలు పెట్టిన నేతవాళ్లు, పాలు పోసేవాళ్లు, పిల్లల తల్లిదండ్రులు. ఇంజనీరు పటం బల్ల మీద పరిచి మెచ్చుకున్నాడు. ఆ తర్వాత చంద్రకళ లేచింది. చాలామంది ఆమె కాలు చూడటం అప్పుడే. 

"నేను చంద్రకళను. ఇక్కడ టీచర్‌గ చేసిన" అంది. "దసరా తర్వాత సైకిల్ మీదికెల్లి పడ్డ. మీ పిల్లలను మాన్పిస్తరేమో అని ఇన్ని నెలలు దాచిపెట్టిన. నేను తొక్కుడు రాక పడలే. దిగనీకి జాగ లేక పడ్డ. నాకు ఆ జాగ ఉంటే ఇయ్యాల ఇక్కడికి తొక్కుకుంట వస్తుంటి. పిల్లలను మాన్పియ్యకుండ్రి. వాండ్లకు జాగ ఇయ్యుండ్రి."

అని చెప్పి కూర్చుంది. ఇంజనీరు పటం మీద రోడ్డు పొడవునా వేలు జరిపాడు. రెండు వైపులా పొయ్యడానికి ఈ ఏడు వీలు కాదు, ఒక వైపు మాత్రం పోయిస్తాను, ఏ వైపో మీరే చెప్పండి అన్నాడు. బడి వైపు అన్నాడు ఆశన్న మామ, ఎవరినీ అడగకుండానే. "మేం పెద్దోళ్లం దూకుతం సారూ. పిల్లల దిక్కు పోయుండ్రి." వెడల్పు ఎంత అని అడిగితే బల్ల మీద మూడున్నర మూరలు కొలిచి చూపించాడు.

బుధవారం ఉదయం చంద్రకళ వెళ్లిపోయింది. వానలు తగ్గాక, కార్తీకంలో, రైలుగేటు నుంచి బడి దాకా ఒక వైపు మొరం పోసి తొక్కించారు. కానీ ఆమె భయపడింది కొంత నిజమైంది. సమావేశం జరిగిన వారంలోనే ఇద్దరు అమ్మాయిల చేత సైకిల్ మాన్పించారు. మొరం పడ్డాక ఒకమ్మాయి తిరిగి వచ్చింది. రెండో అమ్మాయి నడిచే వచ్చింది, పదో తరగతి దాకా. ఉత్తరంలో ఈ సంగతి దాచకుండా రాశాను. చంద్రకళ జవాబు రాసింది, ఆ రెండో పిల్ల ఇంటికి మళ్లొకసారి పొమ్మని. వెళ్లాను. వాళ్ల నాన్న మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి మర్యాదగా వద్దన్నాడు.

ఆ ఎర్ర పట్టీ మీద నేను చాలా ఏళ్లు తొక్కాను. మూడున్నర మూరల్లో రెండు సైకిళ్లు పక్కపక్కన పడతాయి. నేను ఎప్పుడూ కుడివైపు కొంచెం చోటు వదిలి ఎడమకు జరిగి తొక్కేదాన్ని. అలవాటు ఎలా వచ్చిందో చెప్పలేను. చంద్రకళా నేనూ ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ఫోన్లు వచ్చాక ఇంకా ఎక్కువ. ఉద్యోగం అయిపోయింది, కీళ్ల నొప్పులు, మనుమల ముచ్చట్లు, అన్నీ మాట్లాడుకుంటాం. నాగర్‌కర్నూల్ ఊరి బయటి నుంచి ఇద్దరం కలిసి తొక్కాలనుకున్న ఆ దారి మాట మాత్రం ఇద్దరం ఎత్తం. ఆ రోజు నేను ఆమె కోసం తొంభై కిలోమీటర్లకు పైగా తొక్కాను, ఆమె నా కోసం ఒక కిలోమీటరు నడిచింది. ఎవరు ఎక్కువ దూరం వచ్చారో నాకు తెలుసు. అయినా మనసు అడిగేది అది కాదు. ఆ రోడ్డు మీద రెండు సైకిళ్లు కావాలని అడుగుతుంది, ఇప్పటికీ.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. మేం చేసినట్టు ఒక్కరోజులో వెళ్లకండి. మొదటి రాత్రి వనపర్తిలో ఉండి, తెల్లవారగానే బయల్దేరండి. అలా చేస్తే గోపాలపేట దాటాక వచ్చే ఖాళీ రోడ్డు మీదికి పొద్దున్నే, బండ్లు తిరగకముందే చేరుకుంటారు. ఇద్దరు కలిసి వెళ్తుంటే, పక్కపక్కన మాట్లాడుకుంటూ తొక్కడానికి ఈ దారిలో అంత మంచి చోటు ఇంకోటి లేదు.